ముక్కు నర్సయ్య సాఫ్ అన్న బండి

నిజామాబాదులో బోధన్ రోడ్డు మీద బాలనర్సయ్య ఎక్కడుంటాడని అడిగితే చాలామంది తెలియదనే అంటారు. ముక్కు నర్సయ్య అని అడగండి, చెరకు లారీల డ్రైవర్లు కూడా చెయ్యెత్తి షెడ్డు చూపిస్తారు. చూడటానికి ఆ ముక్కు గొప్పదేమీ కాదు. మొదట్లో వెడల్పు, చివర కొంచెం వంకర. గొప్పంతా దాని పనిలో ఉంది. బండి పొగ ఒక్కసారి పీల్చి రింగులు అరిగాయో వాల్వు కాలిందో చెప్పేవాడు. ఇంజను ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇందులో పెట్రోలు కలుస్తోందని తేల్చేవాడు. తప్పేది కాదు.

నా పేరు రాజేశ్వర్. ఆయన షెడ్డు పక్కనే నా స్పేర్ పార్టుల దుకాణం. ఆయన ముక్కు బండి జబ్బు కనిపెడితే నా దుకాణం మందు అమ్మేది. అంటే ఆ ముక్కు ఉప్పు నేనూ తిన్నవాణ్ణే. ఇళ్ళు కూడా ఒకే గల్లీలో. నేను ఆయన్ను నర్సన్న అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు.

బండి పనంతా అయ్యాక నర్సన్న చివరగా ఒక పరీక్ష పెట్టేవాడు. అద్దాలన్నీ ఎక్కించి, తలుపులు మూసి, ఒక్కడే లోపల కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. బండి యజమాని బయట, ఆసుపత్రి గది ముందు నిలబడ్డవాడిలా కాచుకుని ఉండేవాడు. కాసేపటికి నర్సన్న దిగి, "సాఫ్" అనేవాడు. ఒక్కటే మాట. ఆ మాట పడ్డాక ఇంక ఎవరూ బానెట్ ఎత్తి చూసేవారు కాదు. చూస్తే నర్సన్న ఊరుకునేవాడూ కాదు. ముక్కు మీద కోపం అనే మాట ఆయన్ను చూసే పుట్టిందేమోనని నాకు అనుమానం. షెడ్డులో బీడీ, చుట్ట, సిగరెట్టు నిషేధం. ఒకసారి యూనిఫారంలో ఉన్న కానిస్టేబులు చేత కూడా సిగరెట్టు ఆర్పించాడు.

దేవుడి వేళాకోళం చూడండి, అటువంటి మనిషికి బీడీలు చేసే భార్య దొరికింది. సుమిత్రమ్మ వదిన పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుడుతూ ఉండేది. షెడ్డులో బేరాలు లేని నెలల్లో ఆ ఇల్లు నడిచింది ఆ చాట మీదనే. ఆ సంగతి నర్సన్నకు తెలుసు. అయినా రోజూ సాయంత్రం గడప దగ్గర ఆగి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి కేక వేసేవాడు.

"ఏం కంపే ఇది? ఇల్లా, తంబాకు గోదామా?"

లోపలి నుంచి వదిన జవాబు కూడా ఎప్పుడూ ఒకటే.

"గా తంబాకే బువ్వ పెడ్తున్నది. లోపటికి రా."

పెళ్ళయిన కొత్తలో మొదలైన కేక అది. గల్లీలో దాన్ని ఎవరూ తగువు కింద లెక్క కట్టలేదు. అది వినబడితే మా ఆవిడ ప్రమీల పొయ్యి మీద చాయ్ పెట్టేది. నేనూ దుకాణం కట్టి ఇల్లు చేరే వేళ అదేనని ఆమెకు లెక్క.

తొంభై అయిదు వానకాలంలో నర్సన్నకు జ్వరం వచ్చింది. దాని వెంట పెద్ద జలుబు పట్టుకుంది. జ్వరం తగ్గింది, జలుబూ పోయింది, ఆయన షెడ్డుకు వచ్చాడు. ఆ సాయంత్రం గడప దగ్గర కేక వినబడలేదు. మర్నాడూ లేదు. వదిన మురిసిపోయింది. ఇన్నేళ్ళకు నా కష్టం ఆయనకు అర్థమైంది ప్రమీలా, జ్వరంలో పడి లేచాక మనిషి మెత్తబడ్డాడు, అని మా ఆవిడ దగ్గర చెప్పుకుందట. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయట. ఒక మనిషి అరవకపోవడమే భాగ్యమనుకునే స్థితిలో మన ఆడవాళ్ళను పెట్టాం, అది వేరే సంగతి.

ఆ భాగ్యం ఎంతోకాలం నిలవలేదు. ఒకరోజు పప్పు పులిసిపోయింది. పారబోయడానికి పక్కన పెట్టిన గిన్నె అది. వదిన నీళ్ళకు పోయి వచ్చేలోపు నర్సన్న ఆ పప్పే వడ్డించుకుని అన్నం కలిపి తింటున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన శుభ్రంగా తిని చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడామెకు అర్థమైంది. మనిషి మెత్తబడలేదు, ముక్కు పోయింది. తంబాకు వాసన తగలకనే కేక ఆగింది.

అడిగితే మొదట ఎగిరిపడ్డాడు. తర్వాత పిల్లవాడిలా గోడకు ఒరిగి కూర్చుని, కిరోసినుకూ మంచినీళ్ళకూ తేడా తెలియడం లేదని చెప్పాడు. డాక్టరును చూపించుకున్నాడు. లోపలి నరం దెబ్బ తిన్నది, మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. ఎవరికీ చెప్పనని నర్సన్న ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ముక్కు పోయిందంటే షెడ్డుకు తాళం పెట్టుకోవాల్సిందేనని ఆయన భయం. వదిన ఒట్టు వేసింది. మా ప్రమీలకు కూడా చెప్పలేదు.

మాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ చలికాలం చెరకు ఆడే రోజుల్లో ఎడపల్లి దగ్గర ఆగిపోయిన ఒక జీపు కోసం మేమిద్దరం బస్సులో పోయాం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీచి చెరకు మడ్డి వాసన బస్సంతా కమ్మింది. అందరూ ముక్కులకు రుమాళ్ళు కట్టారు. నర్సన్న కిటికీ పక్కన నిమ్మళంగా కూర్చున్నాడు. ఎంత గట్టి మనిషి అనుకున్నాను.

ఆ తర్వాతి ఎండకాలంలో ఆత్మారాం పడవ మా షెడ్డుకు వచ్చింది.

ఆత్మారాం ఎడపల్లి రైతు. వాళ్ళ నాయన రామస్వామి పటేల్ చెరకు బాగా పండిన కాలంలో ఢిల్లీ దాకా పోయి, ఏదో రాయబారి వాడి వదిలేసిన అమెరికా కారు వేలంలో కొనుక్కొచ్చాడు. పొడుగ్గా, వెడల్పుగా, నడుస్తుంటే మెల్లగా ఊగేది. ఊళ్ళో దాన్ని పడవ అన్నారు. పటేల్ పోయాక ఆత్మారాం దాన్ని పెళ్ళిళ్ళకే బయటికి తీసేవాడు. అత్తవారింటికి పోయే పెళ్ళికూతురు పడవ ఎక్కితేనే పెళ్ళి జరిగినట్టు ఆ చుట్టుపక్కల. ఇప్పుడు తన మేనకోడలి పెళ్ళే వచ్చింది. పిల్లను కందకుర్తికి ఇచ్చారు. వెనక సీట్లో కూర్చుంటే పెట్రోలు వాసనకు తల తిరుగుతోందని, పెళ్ళిలోపు బాగుచేయాలని ఆత్మారాం వచ్చాడు.

ఆ బండిలో మన అంబాసిడర్లలో లేని ఏర్పాటు ఒకటి ఉంది. ఎండకు ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతుంది కదా, ఆ ఆవిరి గాలిలో కలవకుండా ట్యాంకు మీద నుంచి సన్నటి గొట్టం ఒకటి ముందుకు వస్తుంది. ముందు బానెట్ కింద బొగ్గు నింపిన డబ్బా. ఆవిరిని ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. బండి నడిచేటప్పుడు ఇంజను ఆ ఆవిరిని పీల్చి కాల్చేస్తుంది. పడవలో ఆ డబ్బా అడుగు తుప్పుపట్టి ఊడింది. బొగ్గు ఎప్పుడో రోడ్ల మీద రాలిపోయింది. రబ్బరు గొట్టాలు ఎండి పగిలాయి. పెట్రోలు ట్యాంకు మూత ఎక్కడో పోతే ఎవడో మహానుభావుడు ఏదో పాత డబ్బా మూతకు గుడ్డ చుట్టి బిగించాడు.

కొత్త మోడలు కార్లకు పెడుతున్న బొగ్గు డబ్బా ఒకటి నేను హైదరాబాదులో వెతికి పట్టుకొచ్చాను. రబ్బరు వాషరున్న మూత, పెట్రోలుకు తట్టుకునే గొట్టం, క్లిప్పులు నా దుకాణంలోవే. నర్సన్న ముందు డబ్బాకు పట్టీ కట్టి కూర్చోబెట్టాడు. గొట్టాలన్నీ మార్చాడు. ట్యాంకు మీది అతుకు మాత్రం డిక్కీ కిందనుంచి చెయ్యి దూర్చి, కంటికి కనబడకుండా వేయాలి. వేళ్ళతో తడుముతూ వేశాడు. అలాంటి చోట్ల ఆయన ఎప్పుడూ కంటిని నమ్ముకోలేదు. తేడా ఉంటే ముక్కు చెప్పేది.

పని పూర్తయిన రోజు ఆత్మారాం తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె హన్మవ్వ. పెళ్ళి బట్టలు కొని, ఆ మూటలతో అదే బండిలో ఇల్లు చేరాలని వాళ్ళ ఏర్పాటు. ముసలామెకు చుట్ట లేనిదే పొద్దు పోదు. షెడ్డులో వెలిగించబోతే నర్సన్న వద్దన్నాడు. సణుక్కుంటూ చుట్టను మళ్ళీ బొడ్లో దోపుకుని, బండెక్కినంక తాగుతాలే అంది.

నర్సన్న అద్దాలెక్కించుకుని లోపల కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మేం బయట నిలబడ్డాం. కాసేపటికి దిగాడు.

"సాఫ్."

మండుటెండ. అక్కడున్న ఎవరి ముక్కుకైనా పెట్రోలు తగులుతూనే ఉంది. మెకానిక్కు షెడ్డు, నేల మీద పెట్రోలు తడి, చేతులకు పెట్రోలు, వాసన రాక అత్తరు వస్తుందా అనుకున్నాం. ముక్కు నర్సయ్య సాఫ్ అన్నాక మా ముక్కుల మాట మేమే వినలేదు. హన్మవ్వ వెనక సీట్లో మూటలు సర్దుకుని కూర్చుంది. ఆత్మారాం స్టీరింగు ముందు కూర్చుని తాళం చెవి కోసం జేబు తడుముకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే సుమిత్రమ్మ వదిన అన్నం గిన్నెతో వచ్చింది. బండి వెనక నుంచి నడిచి వస్తూ ఆగింది. డిక్కీ వైపు చూసింది. నర్సన్న వైపు చూసింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆ చూపులు నేను చూశాను గాని, మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో ఉందిలే అనుకున్నాను.

హన్మవ్వ బొడ్లోంచి చుట్ట తీసి నోట్లో పెట్టుకుంది. అగ్గిపెట్టె తీసింది. వదిన గిన్నెను నేల మీద పెట్టి ఒక్క ఉరుకులో చేరి, వెనక తలుపు లాగి ముసలామె మణికట్టు పట్టుకుంది.

"ఆగవ్వా. పుల్ల గియ్యకు. పెట్రోలు వాసనొస్తున్నది."

ఆత్మారాం నవ్వాడు. "పనైన బండి అక్కా, కొంచెం వాసనుంటది. నర్సన్న సాఫ్ అన్నంక ఇంక మన ముక్కులెందుకు?"

"నువ్వు ఇంటికి నడువు," అన్నాడు నర్సన్న భార్యతో. "బండి సంగతి నీకేం ఎరుక?"

ఆమె ముసలామె చెయ్యి వదల్లేదు. నర్సన్న వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నీకు వాసన రాదు. పోయిన వానకాలం సంది వస్తలేదు. నేనెట్ల నడువాలె ఇంటికి?"

 హన్మవ్వే ముందు తేరుకుని అగ్గిపెట్టె మూసి బండి దిగింది. నేను డిక్కీ కింద చెయ్యి దూర్చాను. ట్యాంకు మీది గొట్టం లాగకముందే నా చేతికి వచ్చేసింది. క్లిప్పు గొట్టం అంచు మీద పడింది, అతుకు మీద కాదు. ఆవిరి నా కళ్ళలో కొట్టి నీళ్ళు కారాయి. బోధన్ రోడ్డు మీద, అద్దాలెక్కించిన బండిలో, ఆ ముసలామె ఒక్క పుల్ల గీసి ఉంటే బండితో పాటే కాలిపోయేది.

క్లిప్పు నేనే బిగించాను. నర్సన్న దగ్గరకు రాలేదు. మూలన నిలబడి, కడిగిన చేతులే మళ్ళీ కిరోసినుతో కడుక్కుంటున్నాడు. ఆత్మారాం మంచివాడు. ఒక్క మాట అనకుండా, నాలుగు అద్దాలూ దించుకుని బండి తీసుకుపోయాడు. వదిన గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ అన్నం సాయంత్రం దాకా అలాగే ఉంది.

కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు, లోకం మూతికి ఏం పెడతాం? పొద్దు గూకేలోపు సంగతి రోడ్డంతా పాకింది. మెచ్చుకున్నవాళ్ళే ముందు నవ్వారు. ముక్కు నర్సయ్య అన్న పేరే ఉంచారు గాని, పలికే తీరు మార్చారు. ఒక లారీ డ్రైవరు పరీక్ష కోసం ఆయన వెనకే నిలబడి బీడీ కాల్చాడు. నర్సన్న కార్బొరేటరు విప్పుతూ తల ఎత్తలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేదాకా ఆయనకు తెలియలేదు. నాకు ఒళ్ళు మండి వాడి నోట్లోంచి బీడీ లాగి పారేశాను. దానివల్ల నర్సన్నకు ఇంకా అవమానమైందని తర్వాత అర్థమైంది. బండ్లు తగ్గాయి. వచ్చినవాళ్ళు కూడా పని చేయించుకుని, పక్కకు పోయి ఒకసారి తామే వాసన చూసుకుని వెళ్ళేవారు. అది చూసినప్పుడల్లా ఆయన తల ఇంకో వైపుకు తిప్పేవాడు.

వదినతో మాటలు బందు చేశాడు. నాకు ఆయన మీదా కోపమే వచ్చింది. ఆ పిల్ల పెళ్ళి బట్టలతో పాటు ముసలామె కాలిపోతే నీ పేరు నిలిచేదా అని ఒకసారి అడిగేశాను. నన్నెందుకు అడుగుతవు తమ్మీ, ఒట్టు తప్పినామెను కాదా అడగాల్సింది, అన్నాడు. మళ్ళీ తనే, ఆమె తప్పకపోతే నేను హంతకుణ్ణి, గా సంగతి నాకు ఎరుకే, గందుకే ఆమె ముఖం చూడలేకపోతున్న, అన్నాడు. 

వదిన ఆయన ముందు ఏడవలేదు. మా ఇంటికి వచ్చి ఏడ్చేది. చేసిన పని తప్పని ఆమె ఒక్కరోజు కూడా అనలేదు. చేయకుండా ఉండే దారి దొరికి ఉంటే బాగుండేదని మాత్రం అనేది. ఆ రోజుల్లోనే మా ఇంట్లో కొత్తగా గ్యాసు పొయ్యి పెట్టించాం. గ్యాసు బండ తెచ్చిన మనిషి సబ్బు నురుగు తీసి పైపు అతుకుకు రాశాడు. బుడగ లేస్తే గ్యాసు కారుతున్నట్టు, లేవకపోతే సరిగ్గా ఉన్నట్టు అని చెప్పాడు. వాసన చూస్తే చాలదా అని ప్రమీల అడిగితే, ముక్కులను నమ్మొద్దమ్మా అన్నాడు. సుమిత్రమ్మ వదిన అక్కడే కూర్చుని ఉంది. ఆ నురుగు వైపు చాలాసేపు చూసింది.

మర్నాడు నర్సన్న అన్నం గిన్నె విప్పితే, మూత మీద కాగితంలో చుట్టిన బట్టల సబ్బు ముక్క ఉంది. ఆయన దాన్ని రోడ్డు మీదికి విసిరేశాడు. ఆ తర్వాతి రోజు మళ్ళీ ఉంది. మళ్ళీ విసిరాడు. ఆమె పెట్టడం మానలేదు, ఆయన విసరడం మానలేదు. మాటలు లేని ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నది ఆ సబ్బుతోనే. ఒకరోజు మాత్రం ఆయన దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదేమో, దించి జేబులో వేసుకున్నాడు.

పెళ్ళయ్యాక ఆత్మారాం పడవను మళ్ళీ తెచ్చాడు. వేరే మెకానిక్కు దగ్గరకు పోవచ్చు, పోలేదు. ఆ క్లిప్పు నేను వేసింది, నీ చేత్తో ఒకసారి చూడు నర్సన్నా అని నేనే అన్నాను. ఆయన డిక్కీ కింద పరిచిన రేకు తీసేసి, ట్యాంకు మీది అతుకు కంటికి కనబడేలా చేశాడు. మగ్గులో సబ్బు నురుగు కలిపి బ్రష్షుతో రాశాడు. ముందు డబ్బా దగ్గర గొట్టం విప్పి మెల్లగా ఊదమని నాకు చెప్పి, తను నేల మీద పడుకుని బుడగ కోసం చూశాడు. ఒక్కో అతుకునూ అలాగే చూశాడు. మధ్యాహ్నమంతా పట్టింది. లేచి నిలబడ్డాక అలవాటుగా సాఫ్ అనబోయి ఆగాడు. "బుడగ లేస్తలేదు పటేలా," అన్నాడు. ఆత్మారాం తల ఊపి బండెక్కాడు.

ఆ వారం బీడీ కార్ఖానాలు బందు. ఆకు రాలేదని ఎవరికీ పని ఇవ్వలేదు. మా గల్లీలో ఇంటింటా బీడీలు చేసే చాటలన్నీ కడిగి గోడలకు ఆనించి ఉన్నాయి. ప్రమీల ఇల్లంతా నీళ్ళు పోసి కడిగింది. ఏ ఇంట్లోనూ తంబాకు చిటికెడు లేదు. మొదటి వాన పడి మట్టి వాసన ఒక్కటే ఉంది. సాయంత్రం నర్సన్నా నేనూ కలిసి నడిచి వస్తుంటే ఈ బందు సంగతే చెప్పి విసుక్కున్నాను. ఆయన వింటూ నడిచాడు.

వాళ్ళ గడప దగ్గర ఆగాడు. ఒక కాలు లోపల పెట్టాడు. రెండో కాలు బయటే ఉంచాడు. లోపల వదిన పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. ఖాళీ చాట ఆమె వెనక గోడకు ఆని ఉంది.

"ఏం కంపే ఇది?" అన్నాడు.  గొంతు పెంచాడు. "ఇల్లా, తంబాకు గోదామా?"

వదిన తల ఎత్తింది. ఖాళీ చాట వైపు చూసింది. ఆయన వైపు చూసింది. బియ్యం పళ్ళెం పక్కన పెట్టింది.

"గా తంబాకే బువ్వ పెడ్తున్నది," అంది. "లోపటికి రా."

మా ఇంట్లో ప్రమీల ఆ కేక విని చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది.